రెండు పట్టికల్లో ఒకే పేరు

తానెవరన్న ప్రశ్న ఈ వయసులో, అదీ నిండు కోర్టులో ఎదురవుతుందని రెండుకోట్లాయన ఊహించలేదు. చాలాకాలం తెల్లకోటు వేసుకుని వైద్యం చేసి, ఆ తర్వాత న్యాయశాస్త్రం చదివి నల్లకోటు తొడుక్కున్న మనిషి కనుక వీధివాళ్ళు ఆయనకా పేరు పెట్టారు. ఆస్తి సంగతి తెలియని కొత్తవాళ్ళు ఆ పేరు విని చందాలకు వచ్చి, ఇంటి పెచ్చులూడిన గోడలు చూసి వెనక్కి తిరిగేవారు.

వైద్యం మానేశాడు గానీ, వైద్యుల పట్టికలోంచి పేరు తీయించుకోలేదు. తీసేయమని అడగాలంటే ఎందుకో చెప్పాలట; ఆ ఎందుకో ఆయనకే సరిగ్గా తెలియదు. చట్టం దృష్టిలో వైద్యుడంటే వైద్యుల పట్టికలో పేరున్నవాడు. ఆ పట్టికలోకి పేరెలా ఎక్కుతుందని వెతికితే, అర్హుడైన వైద్యుడైతే ఎక్కుతుందని ఉంటుంది. న్యాయవాది సంగతీ అంతే. తన తోకను తానే పట్టుకోవాలని గిరగిరా తిరిగే కుక్కలాంటి ఈ నిర్వచనాలను చూసి నవ్వుకోవడం ఆయనకు అలవాటు. సాక్షి బోనులో నిలబడ్డాక మాత్రం నవ్వు రాలేదు.

ఎదురుగా ప్రతివాది కుర్చీలో ఆయన బావమరిది కూర్చున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. కొన్నాళ్ళ క్రితం అతని బస్సు ఎడమ పక్కకు ఒరిగి, రోడ్డు వారన గొడుగులు బాగుచేసే ఆవిడను పడగొట్టింది. ఆవిడ తొడ ఎముక విరిగింది. బ్రేకు పట్టలేదని డ్రైవరు అన్నాడు. బ్రేకు భేషుగ్గా ఉందని మెకానిక్కు అన్నాడు. అది తేలేలోగా డ్రైవరుకు వేరే రూటు ఇచ్చారు. ఇంతలో డ్రైవరు భార్య, మంచి మనసు కొద్దీ ఆవిడను చూడ్డానికి ఆస్పత్రికి పళ్ళు పట్టుకెళ్ళి, "ఈయన కళ్ళ సంగతి మా అన్నయ్యగారు అంతకుముందే చూశారమ్మా" అని నోరు జారింది. ఆ అన్నయ్యగారే ఇప్పుడు బోనులో ఉన్నాడు.

చిక్కు ఇదీ. సలహా కోసం న్యాయవాదికి చెప్పుకున్న మాటను బయటపెట్టమని కోర్టు కూడా అడగకూడదు. వైద్యుడికి చెప్పుకున్న మాటను మాత్రం, కోర్టు అడిగితే చెప్పి తీరాలి. ప్రమాదానికి ముందు బావమరిది వచ్చి చెప్పుకున్న ఆ సాయంత్రం ఆయన న్యాయవాది అయితే బావమరిది ఉద్యోగం నిలుస్తుంది. బస్సు రేపు కూడా అతని చేతుల్లోనే రోడ్డెక్కుతుంది. వైద్యుడైతే ఉద్యోగం పోతుంది.

గొడుగుల ఆవిడ తరఫు లాయరమ్మ లేచింది.

"మీరు డాక్టరాండీ, లాయరాండీ?"

"రెండు పట్టికల్లోనూ నా పేరుందండీ."

"పేరు సంగతి సరే. ఆ సాయంత్రం మీ బావమరిదితో మాట్లాడిందెవరు?"

"నేనే."

"ఆ నేను ఎవరండీ బాబూ?"

కోర్టంతా గొల్లుమంది. ఆయన చిత్తశుద్ధితోనే ఆ సాయంత్రాన్ని మనసులో తిరగేశాడు. తన గదిలో, ఒకప్పుడు రోగులను పరీక్షించిన పాత బల్ల మీద కేసు కట్టలు పేర్చి ఉన్నాయి. బావమరిది రెండు కట్టలు పక్కకు జరిపి బల్ల మీద కూర్చున్నాడు. కట్టలు జరిపాడు కనుక రోగి అనుకోవాలా? కట్టల మధ్య కూర్చున్నాడు కనుక కక్షిదారు అనుకోవాలా? "బావా, మొన్న రెండుసార్లు ఎడమ పక్క రోడ్డు మాయమైపోయింది. డిపోలో తెలిస్తే ఉద్యోగం పీకేస్తారా?" అని ఒక్క గుక్కలో అడిగాడు. మొదటి మాట వైద్యుడికి, రెండోది న్యాయవాదికి. తానిచ్చిన జవాబూ అదే బాపతు: "ఎవరితోనూ అనకు. రేపే స్కానింగు తీయించుకో." ఫీజు పుచ్చుకుని ఉంటే ఎందుకు పుచ్చుకున్నాడో గుర్తుండేది. కానీ భార్య పక్కగదిలో ఉండగా ఆమె తమ్ముడి దగ్గర ఫీజు పుచ్చుకునే ధైర్యం ఏ వృత్తిలో వాడికుంటుంది?

"నాకు తెలియదండీ" అన్నాడు చివరికి. రెండు వృత్తుల్లోనూ ఆయన ఎన్నడూ వాడని మాట అది.

జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "రహస్యం మీది కాదు లెండి, చెప్పుకున్నవాడిది. అతణ్ణే అడుగుదాం. ఏమయ్యా, ఆ రోజు ఎవరి దగ్గరికి వెళ్ళావు?"

"మా బావ దగ్గరికండీ."

"ఎవరికి లేరయ్యా బావలు! డాక్టరు దగ్గరికా, లాయరు దగ్గరికా?"

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. అతని ఎడమ పక్కన కూర్చున్న అతని లాయరు గొంతు సవరించుకున్నాడు, కళ్ళెగరేశాడు, తన నల్లకోటు పట్టుకుని ఆడించాడు. డ్రైవరు అటు చూడనైనా లేదు. నేరుగా బోను వైపు తిరిగాడు.

"ఏమంటే మంచిది బావా?"

ఈసారి జడ్జిగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. రెండుకోట్లాయన నవ్వలేదు. ఆ లాయరు ఇప్పుడు చెయ్యి కూడా ఊపుతున్నాడు. మూరెడు దూరంలో ఊగుతున్న చేతిని బావమరిది చూడ్డం లేదు. అంటే ఎడమ పక్క ఇంకా మాయమవుతూనే ఉంది, స్కానింగు తీయించుకోలేదు. ఒంటి మీద ఖాకీ చొక్కా అలాగే ఉంది. పొద్దున్న బస్సు తోలి, మధ్యలో దిగి వచ్చాడు. మధ్యాహ్నం మళ్ళీ ఎక్కుతాడు.

"డాక్టరు దగ్గరికి వచ్చానని చెప్పు" అన్నాడాయన.

లాయరమ్మ చటుక్కున లేచింది. "అభ్యంతరం! సాక్షి సలహా ఇస్తున్నారు. అంటే లాయరుగానే..." అంటూ సగంలో ఆగిపోయింది. ఆ సలహా మేలు చేసేది తన కక్షిదారుకే. అభ్యంతరం నెగ్గితే ఆయన న్యాయవాది అవుతాడు, తాను ఓడిపోతుంది. ఆమె మెల్లగా కూర్చుంది. వెంటనే డ్రైవరు లాయరు లేచి, ఆ అభ్యంతరం తనదన్నాడు.

"డాక్టరు దగ్గరికే వెళ్ళానండీ" అన్నాడు డ్రైవరు.

"నిజంగానా, ఆయన చెప్పమన్నాడనా?" అన్నారు జడ్జిగారు.

"బావ మాట నేనెప్పుడూ కాదనలేదండీ. ఆ రోజు ఎవరితోనూ అనకన్నాడు. మా ఆవిడతో తప్ప ఎవరితోనూ అన్లేదు."

"ఏమని అనకన్నాడు?"

"ఎడమ పక్క రోడ్డు కనపడట్లేదని" అనేసి, డ్రైవరు నాలిక్కరుచుకున్నాడు.

జడ్జిగారి చూపు బోను మీదికి మళ్ళింది. "ఎవరితోనూ అనకన్నది డాక్టరుగానా, లాయరుగానా?"

డాక్టరుగా అని ఉంటే, బస్సు నిండా జనాన్ని గాలికొదిలేసినందుకు ఆ పట్టికలోంచి పేరు పోవాలి. లాయరుగా అని ఉంటే, ఇప్పుడు కక్షిదారును బావిలోకి తోసినందుకు ఈ పట్టికలోంచి పోవాలి. ఆయన రెండు వాక్యాలనూ నోట్లోనే కూర్చి చూసుకున్నాడు. ఏదీ నిలబడలేదు.

టైపిస్టు ఆ ప్రశ్న కింద జవాబు చోటు ఖాళీగా వదిలేశాడు. మాట బయటికి వచ్చింది గానీ, అది చట్టప్రకారం వచ్చినట్టా కాదా అన్న వాదన వచ్చే వాయిదాకు వెళ్ళింది. పరీక్షల ఫలితం వచ్చేదాకా డ్రైవరు బస్సు ముట్టకూడదని మాత్రం జడ్జిగారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు.

వరండాలో డ్రైవరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఉద్యోగం పోయినట్టేనా బావా?"

"తెలియదురా."

"అక్క అడిగితే?"

"తెలియదన్నాను కదా. ముందు స్కానింగుకు నడు."