దారం మీద చుక్క

తట్టలోకి సున్నం ఎత్తుతూ గాలయ్య దగ్గాడు. ముప్పై ఏండ్లు పీల్చిన సున్నపు దుమ్ము ఛాతీలో పేరుకుంది. పాదాల పగుళ్లలో, కనుబొమల్లో, చెవుల వెనక కూడా తెలుపే. దేవరకొండ దగ్గరి ఆ పల్లెకు మిలిటరీ లారీలు వచ్చి పోయి పది రోజులైంది. రజాకార్ల భయం తగ్గింది కాబట్టి వానలకు కూలిన ఊరబావి లోపలి రాతి ఒర మళ్ళీ కడుతున్నారు. వాళ్ళతో కొట్లాడే సంఘంలో చేరి అడవికి పోయిన కొడుకు నర్సింహ మాత్రం ఇంకా రాలేదు.

కోడలు ఉప్పలమ్మకు ఏడో నెల. అయినా రాళ్ళ తట్ట నెత్తిన పెట్టుకుని బావి మెట్లు దిగుతోంది. చూస్తే గాలయ్యకు ప్రాణం ఒప్పదు. సున్నం కలిపే పని ఆమెకు దక్కితే నీడపట్టున ఉంటుంది. పెద్దులు మేస్త్రి సరేనన్నాడు గానీ మెలిక పెట్టాడు. ఈ పొద్దు తను అడిగినంత మాలు, సున్నమూ ఇసుకా పాళ్ళు తప్పకుండా, ఆమె సొంతంగా కలిపి చూపించాలి. తప్పితే మళ్ళీ రాళ్ళ తట్టే.

"రెండు తట్టల సున్నానికి ఇసుకెంత బిడ్డా?"

"మూడు."

"నాలుగు తట్టలకు?"

"ఐదు. రెండు దిక్కుల రెండేసి పెంచిన గద మామా."

గాలయ్య కోప్పడలేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ ఆ మాటే అంటారు. ఒకప్పుడు తనూ అన్నాడు, తన్నులు తిన్నాడు. బావి పక్కన జాగా ఊడ్పించి, కోడలితో వరుసకు వరుస ముగ్గుచుక్కలు పెట్టించాడు. మూలచుక్క దగ్గర మేకు కొట్టి దారం కట్టాడు.

"పక్కకు జరిగితె సున్నం, మీదికి పోతె ఇసుక. రెండు పక్కకు, మూడు మీదికి. ఆడ రాయి పెట్టు." ఆ రాయి మీదుగా దారం లాగి పట్టుకున్నాడు. "ఇగ నీ నాలుగు, ఐదు పెట్టు."

ఆమె పెట్టిన గులకరాయి దారానికి ఓ చుక్క కిందనే ఉండిపోయింది. పైకి జరపగానే దారం తాకింది.

"ఆరు," అంది నెమ్మదిగా.

"రాయి దారం మీదుంటె మాలు గట్టిది. పక్కకు పోతె ఒర కూలుతది."

మధ్యాహ్నం మేస్త్రి వచ్చి, "ఎనిమిది తట్టల సున్నముంది. అంత ఒక్కపారే కలుపు" అన్నాడు. ఉప్పలమ్మ వంగి చుక్కలు లెక్కపెట్టింది. ముగ్గు అంత దూరం లేదు. చుక్కలైతే పెంచుకుంటూ పోయింది గానీ దారం అందలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న గాలయ్య మెల్లగా మొలతాడు విప్పాడు.

"వద్దు మామా. మొలతాడు తీస్తె కీడంటరు."

"మీ అత్త పోయిన్నాడే అసలుది తెంపిన్రు. గిది పంచె జారకుంట కట్టుకున్నదేలే," అని నవ్వి, దారానికి ముడేసి ఇచ్చాడు.

ఆమె లాగింది. పాత రాళ్ళు రెండింటినీ తాకుతూ దారం సాగింది. ఎనిమిదో వరుస మీద రాయి పెట్టి కొసను నొక్కి, కిందినుంచి చుక్కలు లెక్కపెట్టింది. పన్నెండు. ఇసుక పోసి, పొద్దు వాలేదాకా పారతో కలిపింది. మేస్త్రి ఓ ముద్ద పిడికిట్లో నలిపి చూశాడు.

"రేపట్నుంచి రాళ్ళు మొయ్యకు. సున్నం నీదే."

"విన్నవా మామా?" అంటూ తిరిగింది.

గాలయ్య తల గోడకు వాలి ఉంది. నవ్వు పెదాల మీదే ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లబడింది. ఆమె అక్కడే కూలబడి, కడుపు పట్టుకుని ఏడ్చింది. మేస్త్రి మాట ఆయన చెవిన పడిందో లేదో ఆమెకు ఎన్నటికీ తెలియలేదు.

జనం వచ్చి ఆయన్ను మోసుకుపోయారు. చుక్కలు వాళ్ళ కాళ్ళ కింద చెదిరిపోయాయి. మేకు నుంచి ఎనిమిదో వరుస రాయి దాకా, నడుమ ఒక ముడితో, దారమూ నల్ల మొలతాడూ ఇంకా బిగువుగానే ఉన్నాయి.