లిఫ్ట్ సినిమా ఎవరూ చూళ్ళేదు

పొద్దున ఏడున్నరకల్లా సాజిదా ముఠా పేరయ్య కల్లంలో దిగిపోద్ది. పన్నెండు మంది ఆడాళ్ళు. మూతికి పైటచెంగో చున్నీయో చుట్టుకుని, నీలం పట్టా కింద మిరపకాయల కుప్ప చుట్టూ కూర్చుంటారు. ఎర్రకాయ కుడిపక్కకి, తాలు ఎడంపక్కకి. తాలంటే రంగు పోయి తెల్లగా పాలిపోయిన కాయ, కొనేవాడు చూడగానే మొహం తిప్పుకునే రకం. పొద్దుగూకేదాకా ఇదే పని. మధ్యలో తల ఎత్తితే మేస్త్రి సాజిదా ఊరుకోదు.

సాజిదా కూతురు నజ్మీన్‌కి మాత్రం వేరే డ్యూటీ. సినిమా పెట్టడం.

సరదాకి కాదు. కల్లంలో ఏ సినిమా పెడితే కాయ దాన్నిబట్టి తిరుగుద్ది. సినిమా బాగుంటే తాలు కూడా ఎరుపెక్కుద్ది. చెత్తయితే ఎర్రగా ఉన్నది కూడా తెల్లబోద్ది. పర్చూరు చుట్టుపక్కల ఎవర్నడిగినా చెప్తారు. ఒకసారి ముఠా చూసేసిన సినిమాకి మాత్రం కాయ కదలదు, ఎన్నిసార్లు తిప్పి తిప్పి పెట్టినా. గుంటూరులో కొనేవాళ్ళు కూడా కాయ విరిచి చూసి "ఏం సినిమా పెట్టారండీ దీనికి?" అని అడుగుతారు, ఏ మందు కొట్టారని అడిగినంత మామూలుగా.

నజ్మీన్‌కి ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. అయిపోకముందు కూడా సినిమాలే అనుకోండి. వాట్సాప్ స్టేటస్‌లో రివ్యూలు పెడుద్ది, రెండొందల మందికి పైగా చూస్తారు. రేటింగులూ స్టార్లూ ఏమీ లేవు, రెండే మాటలు. చూడొచ్చు, లేదా స్కిప్.

గొడ్డలి సినిమా చీరాల్లో మార్నింగ్ షో చూసొచ్చి ఏం పెట్టిందంటే: "హీరో నడిచాడు. స్లో మోషన్లో నడిచాడు. ఇంటర్వెల్ అయ్యాక ఇంకా స్లోగా నడిచాడు. అంత నడిచినోడు వాడరేవు దాకా వెళ్ళి సముద్రంలో దూకుంటే మాకు మూడు గంటలు మిగిలేవి. స్కిప్." దాని పార్ట్ టూ గురించి: "పార్ట్ వన్‌లో కథ లేదు, దాన్ని రెండు ముక్కలు చేశారు. స్కిప్." అత్త సినిమా గురించి: "అందరూ చేసే పని నోటితో చెప్పి మరీ చేస్తారు. అయ్యో పాలు పొంగుతున్నాయే అంటుంది, పొంగుతుంటే పోయి కట్టెయ్యమ్మా, మాకెందుకు చెప్తావ్? స్కిప్ స్కిప్ స్కిప్."

ఇక లిఫ్ట్ సినిమా. ఆగిపోయిన లిఫ్టులో ఒక్కడే మనిషి. మొదటి నలభై నిమిషాలు ఒక్క మాట ఉండదు. "చూడొచ్చు కాదు, చూడకపోతే మీ ఖర్మ" అని పెట్టింది. తను మూడుసార్లు చూసింది.

కానీ మిరపకాయలు ఆ పిల్ల మాట వినలేదు. అదీ ఆమె మంట. అత్త సినిమాకి కుప్ప కుప్పంతా కుంకం పోసినట్టు ఎర్రబడింది. ఎంతో నమ్మకంగా లిఫ్ట్ సినిమా పెడితే సాయంత్రానికి సగం కుప్ప గడ్డి రంగులోకి తిరిగింది.

"కాయలకి టేస్ట్ లేదు," అంది నజ్మీన్.

పేరయ్య అప్పుడే వచ్చాడు. గుప్పెడు కాయలు తీసి అరచేతిలో పరుచుకుని చూశాడు.

"ఏంటమ్మా సాజిదా? పొద్దున ఎర్రగా ఉన్న కుప్పేనా ఇది?"

"అదే అన్నయ్యా."

"ఏం పెట్టారు?"

పదకొండు మంది నజ్మీన్ వైపు చూశారు. సాజిదా ఒక్కతే చూడలేదు.

"లిఫ్ట్ సినిమా బాబాయ్. దానికి అవార్డులొచ్చినయ్ తెలుసా?"

"దానికొచ్చినయ్ సరే. కాయకి తాలొచ్చిందిగా అమ్మా."

ఆయన అరవలేదు. పేరయ్య అరవకుండా మాట్లాడాడంటేనే భయం. రేపు మధ్యాహ్నం లారీ వస్తదని చెప్పాడు. మొదటి లోడు తాలుందని వెనక్కి తిప్పారని, ఈ లోడు కూడా తిప్పితే తనవల్ల కాదని చెప్పాడు. "ఏరే మిషనతనితో మాట్లాడా. కాయ రంగు చూసి అదే ఊది అవతల పడేస్తదంట. దానికి సినిమాలూ అక్కర్లా, టీలూ అక్కర్లా. రేపు లారీ వచ్చేసరికి ఇది ఇట్టాగే ఉంటే ఫోన్ చేసేస్తా. వచ్చే ఏడు నుంచి ముఠా లేదనుకో. ఏమనుకోబాకమ్మా."

"అనుకోటానికేముంది అన్నయ్యా," అంది సాజిదా. పేరయ్య మిషను పెడితే పక్క కల్లంవాళ్ళు ఊరుకుంటారా, వాళ్ళూ పెడతారు. అది పన్నెండు మందికీ తెలుసు.

ఇంటికెళ్ళేటప్పుడు సాజిదా కూతురితో ఒక్కటే అంది. "ఏదన్నా మాటలున్న సినిమా చూడవే."

"మాటలున్నయ్యన్నీ అయిపోయినయ్ అమ్మా! జనవరి నుంచి రోజుకొకటి తిన్నారు మీరు. పాత అత్తలు, పాత కోడళ్ళు, పాత పంచాయితీలు, అన్నీ అయిపోయినయ్. ఇప్పుడొచ్చేవాటిల్లో ఎవడూ మాట్లాడడు, అందరూ గాలికి జుట్టు ఎగరేసుకుంటూ చూస్తారంతే. నన్నేం చెయ్యమంటావ్, నేను తియ్యనా?"

సాజిదా మూతిగుడ్డ విప్పి దులుపుకుంటా ముందు నడిచింది. దాంతో నజ్మీన్‌కి ఇంకా మండింది.

మర్నాడు మంచు సినిమా పెట్టింది. కొత్తది, అందరూ బాగుందన్నది, తను కూడా "చూడొచ్చు" ఇచ్చింది. ఫోన్‌ని కాయలు నింపిన టిక్కీ బస్తాకి ఆనించి, స్పీకర్‌ని పట్టా రాటకి వేలాడదీసి, తను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తెర మీద కొండలు, పొగమంచు, ఎర్ర స్వెటర్ వేసుకున్న అమ్మాయి. ఏం ఫ్రేములు అసలు!

పదిహేను నిమిషాలయ్యాక పిచ్చమ్మ నోరు విప్పింది. ముఠా మొత్తానికి పెద్దది ఆమే, నోరు కూడా ఆమెదే పెద్దది.

"ఏమే, ఎవడే ఈల వేసేది ఇందాకట్నుంచి?"

"ఈల కాదు మామ్మా, బీజీఎం."

"ఎవడైతే ఏం, ఇంటికి పొమ్మను."

ఎడంపక్క తాలు పెరుగుతానే ఉంది. కుడిపక్క నుంచి కూడా ఒక్కో కాయ పాలిపోతా ఉంది. నజ్మీన్‌కి ఇంక తన్నుకొచ్చేసింది.

"అసలు మీకు సినిమా చూడ్డం రాదు! ఒక్కళ్ళకి కూడా! ఎంత మంచిది పెట్టినా ఇంతే!"

"రాదే తల్లీ," అంది పిచ్చమ్మ. "వచ్చినోళ్ళు వచ్చి కాయ ఏరమను."

ఆ రోజు ముఠాలో సంతోషకుమారి రాలేదు, పిల్లాడికి జొరం. ఆమె చోటు ఖాళీగా ఉంది. సాజిదా దాన్ని చేత్తో తట్టి చూపించింది. "రా. కూర్చో."

"నేనా?"

"పదకొండు మందితో లారీ టైముకి అవ్వదు. రా."

నజ్మీన్ విసుక్కుంటా వచ్చి కూర్చుంది. చున్నీ మూతికి కట్టుకున్నా నాలుగు తుమ్ములు తుమ్మింది. వేళ్ళు చురచురమన్నయ్. ఎర్రది కుడి, తెల్లది ఎడమ, ఎర్రది కుడి. సగం ఎర్రగా సగం తెల్లగా ఉన్నది ఏ పక్కకో తెలీక దాన్ని పట్టుకుని దిక్కులు చూసింది. స్పీకర్‌లో పియానో. తర్వాత తలుపు చప్పుడు. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. ఏదో పడింది. ఏం పడింది? ఎవరొచ్చారు? అంతకుముందే చూసిన సినిమా, అయినా అర్థం కాలేదు. తల ఎత్తి ఫోన్ వైపు చూసింది.

ఠప్పుమని నెత్తిన ఒకటి పడింది.

"తల దించు," అంది సాజిదా. "తాలు తీసుకుపోయి ఎర్రదాంట్లో పడేశావ్, చూస్కో."

నజ్మీన్ తల దించింది. చుట్టూ చూసింది, కళ్ళు మాత్రమే తిప్పి. పదకొండు తలలూ కాయ మీదే. తెర వైపు ఒక్క మొహం లేదు. జనవరి నుంచి ఎన్ని సినిమాలు పెట్టిందో లెక్కలేదు. వీళ్ళు ఒక్కటి కూడా చూళ్ళేదు. విన్నారంతే. పాలు పొంగుతున్నాయని అత్త నోటితో చెప్తేనే వీళ్ళకి పాలు పొంగినయ్. నలభై నిమిషాలు మాటల్లేని సినిమా పెడితే వీళ్ళకేముంటది? లిఫ్టు ఫ్యాన్ చప్పుడు.

"ఛీ," అంది తనలో తనే. లేచి మంచు సినిమా ఆపేసింది.

"ఏం చేస్తున్నావే?" అంది పిచ్చమ్మ.

"లిఫ్ట్ సినిమా పెడుతున్నా."

"నీకేమన్నా పిచ్చా? చూసిందానికి కాయ కదలదుగా!"

"మీరెవరు చూశారు మామ్మా దాన్ని?"

"పెట్టు చూద్దాం," అని పిచ్చమ్మ ఇంకో కాయ అందుకుంది.

ఈసారి నజ్మీన్ ఫోన్‌ని తన ఎదురుగా పెట్టుకుంది. కాయ ఏరడం మానేసి చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా చెప్పడం ఆ పిల్లకి రాదు. గబగబా, స్టేటస్ పెట్టినట్టే చెప్పింది.

"లిఫ్టులో ఒకడున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటయ్. ఇస్త్రీ చొక్కానే కానీ గుండీలు ఎగుడుదిగుడు పెట్టుకున్నాడు."

"పెళ్ళాం లేదా?" ఎవరో అడిగారు.

"ఉంది. కింద ఆటోలో కూర్చుంది. ఇది ఆస్పత్రి. వాళ్ళమ్మ ఐదో అంతస్తులో ఉంది. లిఫ్ట్ మూడుకీ నాలుక్కీ మధ్య ఆగిపోయింది. వీడు గంట నొక్కుతున్నాడు."

"గట్టిగా నొక్కమను!"

"నొక్కుతున్నాడు మామ్మా, పలకట్లా. ఇప్పుడు ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఫోన్‌ని పైకెత్తాడు, కిందకి దించాడు, మళ్ళీ పైకెత్తాడు."

"మా ఇంట్లో అంతే," అని ఒకామె నవ్వింది.

"చేతిలో క్యారేజీ ఉంది. దాన్ని కింద పెట్టట్లేదు."

"అందులో ఏముంది?"

"తెలీదు. చూపించలా."

"చారన్నం," అంది పిచ్చమ్మ, తనే వండినట్టు.

"మామ్మా, నీకెట్టా తెలుసు? అసలు వాడింకా... ఆగు. మూత తీస్తున్నాడు." నజ్మీన్ ఫోన్ దగ్గరికి వంగింది. మూడుసార్లు చూసింది ఈ సీన్, వాడి కళ్ళే చూసింది, ఏం యాక్టింగ్ అనుకుంది, గిన్నెలో ఏముందో ఎప్పుడూ చూళ్ళేదు. "చారన్నమే."

కల్లంలో ఒక్కసారిగా గోల. ఆస్పత్రిలో ముసలామెకి ఇంకేం తెస్తారని ఒకరు, చల్లారిపోతే ఆమె తినదని ఒకరు, ఆటోలో కూర్చున్నది ఊరికే కూర్చోకపోతే పైకొచ్చి చూడొచ్చుగా అని ఇంకొకరు. చేతులు మాత్రం ఆగలేదు. సాజిదా ఎడంపక్కకి వెయ్యబోయిన కాయని మధ్యలోనే ఆపి, వెనక్కి తీసుకుని, కుడిపక్కకి వేసింది. అంచుల్నుంచి మొదలైంది ఎరుపు. తర్వాత లోపలికి పాకింది.

గంట గడిచింది. వాడు తలుపు సందులో వేళ్ళు పెట్టి లాగాడు, నజ్మీన్ చెప్పింది. వాడు కూలబడి ఏడ్చాడు, అదీ చెప్పింది. "మొగాడు ఏడిస్తే ఎట్టా ఉంటాడే?" అని పిచ్చమ్మ అడిగితే "తుమ్మొచ్చి ఆగినట్టు" అంది. లిఫ్టులో లైటు పోయింది. సగం కుప్ప ఎర్రబడింది, సగం ఇంకా తెల్లగానే ఉంది.

రోడ్డు మీద లారీ వచ్చి ఆగింది. పేరయ్య పట్టా కిందకి వచ్చాడు. కుప్పలో ఎర్రబడ్డ ఇవతలి సగం చూళ్ళేదు, తెల్లగా ఉన్న అవతలి సగమే చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి నంబర్ నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. రింగవుతుంది, అందరికీ వినపడుతుంది.

సరిగ్గా అప్పుడే నజ్మీన్ చెప్పడం ఆపేసింది.

"ఏమైందే?"

"అయిపోయింది."

"అయిపోవడమేంటి? వాడు బయటికొచ్చాడా?"

"తెలీదు మామ్మా. తెర నల్లగా అయిపోద్ది, పేర్లు పడతాయి. అంతే. అదే గొప్ప, మనమే ఊహించుకోవాలి..." స్టేటస్‌లో దీని గురించే నాలుగు లైన్లు పొగిడింది. ఇప్పుడు చెప్తుంటే తనకే నోరు చేదుగా అనిపించింది. కాయ ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"తెర నల్లగా అయితే నీకేంటే?" అంది పిచ్చమ్మ, తల ఎత్తకుండానే. "మాకు మొదట్నుంచీ నలుపేగా. నువ్వు చెప్తున్నావ్, మేం వింటున్నాం. చెప్పు."

"సినిమాలో లేందే!"

"నిన్నెవరడిగారే సినిమా? వాడి సంగతి చెప్పు."

నజ్మీన్ వాళ్ళమ్మ వైపు చూసింది. సాజిదా చేతిలో ఒక తెల్లకాయ ఉంది. ఏ పక్కకీ వెయ్యకుండా అట్టాగే పట్టుకుని ఉంది.

నజ్మీన్ ఫోన్ బోర్లా పెట్టేసింది.

"ఆటోలో కూర్చుందని తిట్టారుగా, ఆవిడే," అంది. "ఎంతకీ రాడేంటని దిగింది. లిఫ్టు దగ్గరకొచ్చి చెవి పెట్టింది. లోపల క్యారేజీ చప్పుడైంది. ఆ చప్పుడు ఆవిడకి తెలుసు, రోజూ తోమేది ఆవిడేగా. చెప్పు తీసి తలుపు మీద కొట్టింది. ఆస్పత్రోళ్ళందరూ వచ్చారు. ఇనప కమ్మీ తెచ్చారు. ముందు వేళ్ళొచ్చినయ్. తర్వాత క్యారేజీ ఇచ్చాడు బయటికి."

"వాడు రాకుండా క్యారేజీ ఇచ్చాడా! ఎదవ," అంది పిచ్చమ్మ, ముక్కు చీదింది.

సాజిదా చేతిలో కాయ ఎర్రబడింది. ఆమె దాన్ని కుడిపక్కకి వేసింది. అవతలి సగంలో ఎరుపు పాకుతా ఉంది.

పేరయ్య ఫోన్లో ఎవరో "హలో, హలో, పేరయ్య గారా? మిషను సంగతేనా? ఎప్పుడు దించమంటారు?" అంటున్నారు.

"మిషనూ వద్దు ఏమీ వద్దు, ఫోన్ పెట్టెయ్యవయ్యా," అన్నాడు పేరయ్య. "వాడింకా ఐదో అంతస్తు ఎక్కలా."

కండువా దులిపి మూతికి కట్టుకున్నాడు, సాజిదా పక్కన గొంతుక్కూర్చుని గుప్పెడు కాయలు ముందుకి లాక్కున్నాడు.

"ఊఁ," అన్నాడు. "లిఫ్టులో వెళ్ళాడా, మెట్లెక్కాడా?"

"మళ్ళీ లిఫ్టెవడెక్కుతాడు బాబాయ్," అంది నజ్మీన్. "మెట్లే."