ఆఖరి బంతి

మునగాకులో ఒక్క పుల్ల పంటికి తగిలినా మొగుడు పగిడయ్య కంచం పక్కకు నెట్టేస్తాడు. అందుకని నాగలక్ష్మి పొద్దున్నే ఒక్కో రెమ్మా పట్టుకుని ఆకు గిల్లుతోంది. కడుపులో బిడ్డ తంతోంది. ఈ ఇంట్లో పుట్టకముందే అందరికీ తొందర.

రెండు నెలల కిందట నర్సు లిదియా వేలికి సూది గుచ్చి చూసింది. "రక్తం ఎనిమిదే ఉంది. ఉత్త గోలీలతోని కాదు, తిండి తినాలె. గిట్లనే ఉంటే కాన్పుల నీ పాణం మీదికొస్తది" అంది. ఇంట్లో రక్తసంబంధాలు నిండుగానే ఉన్నాయి, రక్తానికే కరువు. ఆపిల్ పళ్లు కొనే కొంప కాదు, పత్తిచేను బతుకు. చవకగా దొరకాలి, బలమివ్వాలి, వేవిళ్లతో చచ్చిన నోటికి సహించాలి. ఈ మూడూ ఒకచోట కలవడం ముగ్గురు తోడికోడళ్లు కలిసినంత గగనం. అయినా కలిపింది. చేనుగట్టున పొన్నగంటికూర, దొడ్లో మునగాకు, జొన్నరొట్టె, వెల్లుల్లి వేసి దంచిన నువ్వులపొడి, వాన పడ్డాక అడవంచున ఏరుకొచ్చిన బోడకాకర.

కమ్మగా వండటమే ఆమె చేసిన తప్పు.

"ఏందే, ఆకు గింత కమ్మగుంటదా? ఇంకింత ఎయ్యి" అన్నాడు పగిడయ్య. అత్త ఇంకో రొట్టె అడిగింది. "వదినా, నీ చేతిల మందున్నది!" అంటూ మరిది బాలకృష్ణ గిన్నె వంచుకున్నాడు. మందు అందరికీ అందింది, రోగికి తప్ప. ఆ ఇంట కోడలిది ఆఖరి బంతి. అందరూ లేచాక అడుగున అంటుకున్న మెతుకులూ, ఇంత పచ్చిపులుసూ. బిడ్డకు పాలివ్వాల్సిన మనిషికి కూరలో పాలు లేదు! ఒకరోజు కావాలనే ఉప్పు మానేసింది, మిగులుతుందని. "మనిషి తినేదేనా గిది?" అని మొగుడు గిన్నె దొడ్లోకి విసిరాడు. ఆ పూట కోళ్లకు బలం పట్టింది.

గిల్లిన ఆకు చేటలో ఉండగానే లిదియా వచ్చింది. మళ్లీ సూది. ఈసారి ఏడు. నెలలు ఏడు, రక్తం ఏడు, మిగిలింది ఏడుపు.

"అసలేం తింటున్నవ్?"

నాగలక్ష్మి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. పొన్నగంటి, మునగాకు, నువ్వులు, బోడకాకర...

"గవన్నీ నువ్వు వండినయి. తిన్నయి చెప్పు."

నోరు తెరిచింది. నిన్న? మొన్న? పచ్చిపులుసు తప్ప ఏదీ గుర్తురాలేదు. అడవంతా వెతికింది గానీ, తన కంచంలో ఎప్పుడూ వెతుక్కోలేదు.

అత్త అందుకుంది. "కోడలు ఆఖర్న తినుడే మా ఇంట్ల పద్ధతి సిస్టరమ్మా. నేను గట్లనే తిన్న, గట్లనే కన్న."

"ఎందర్ని కన్నవమ్మా?"

"అయిదుగుర్ని."

"ఉన్నదెందరు?"

అత్త చేట దగ్గరికి లాక్కుని ఆకులో పుల్ల ఏరింది. "ఇద్దరు."

మధ్యాహ్నం పప్పులో మునగాకు ఉడికింది. తాలింపు వాసనకు పగిడయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, గడపలోనే ఆగిపోయాడు. నాగలక్ష్మి పొయ్యి పక్కన కూర్చుని రెండో రొట్టె తుంచుతోంది.

"ఏందే గిది? మేం తినకముందే?"

అత్త ఏమైనా అంటుందేమోనని ఇద్దరూ చూశారు. అత్త గిన్నె అందుకుని కోడలి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"కూసో" అంది నాగలక్ష్మి. "మిగిల్తె పెడత."