నక్కతోక పొగ

మా ఎరువుల ఫ్యాక్టరీ గొట్టంలోంచి లేచే ఎర్రగోధుమ పొగని మేం నక్కతోక అంటాం. నక్కతోక తొక్కినవాడికి అదృష్టం పడుతుందట. మేం దాన్ని తొక్కలేదు, పీల్చాం.

ఆ విషాన్ని పట్టుకోవడానికి గొట్టం మొదట్లో బొగ్గు గది ఉంది. అందులో పొయ్యాల్సింది రాగి పట్టించిన బొగ్గు. కంపెనీ చేతులు మారాక, పైదేశం నుంచి వచ్చిన కొత్త డైరెక్టర్ పొదుపని రాగి మానేసి ఉత్త బొగ్గు పోయించాడు. దానికి విషం ఆగుతుందా? మేం మొత్తుకున్నప్పుడల్లా తలా ఒక పెరుగు డబ్బా చేతిలో పెట్టి పంపేవాళ్లు. పెరుగు విరుగుడట!

సోమవారం ఆ గదిలో ఒక పైపు చీలింది. "లోపలికెళ్లి మూస్తావా?" అన్నట్టు డైరెక్టర్ మా షిఫ్టులోని పెంకోకి సైగ చేశాడు. పెంకో గడ్డం పైకెత్తి తలూపాడు. మా బల్గేరియాలో అలా ఊపితే 'వెళ్లను' అని. దొరకి అది 'సరే' అయింది. ఇన్ని నెలలు మా మధ్య తిరిగినా మా 'కాదు' మాత్రం నేర్చుకోలేదు. పైమెట్ల మీంచి నేను అరిచిన అరుపు మెషీన్ల హోరులో కలిసిపోయింది. అన్నీ తెలిసిన ఫోర్‌మన్ నోరు మూసుకుని తలుపు తీసి, పెంకోని లోపలికి తోశాడు.

పెంకో దగ్గుతూ బయటికొచ్చాడు. పెరుగు తిని, జోకులేసి, ఇంటికెళ్లాడు. తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు నిండి చనిపోయాడు. మా ఆనవాయితీ ప్రకారం అతని ఫోటోతో చావు కాగితం గేటుకి అంటించాం.

క్యాంటీన్‌లో మీటింగ్ పెట్టారు. యూనియన్ నాయకుడు గెంచెవ్ గొంతు సవరించుకున్నాడు.

"ఆవేశపడకండి. పెంకో ఒప్పుకునే వెళ్లాడంటున్నారు. తలూపాడంట."

బస్తాలు కుట్టే సెక్షన్ నుంచి పెంకో భార్య స్తమేన లేచింది. "ఎటు ఊపాడు గెంచెవ్ అన్నా? నీ తలకాయ ఈ ఊరిది కాదూ?"

"అది కాదు వదినా, ఫిర్యాదు పెట్టాం, జవాబు రానీ..."

"ఎప్పటిదాకా? ఇంకో పెరుగు డబ్బా పంచేదాకానా?"

వెనక నుంచి ఎవడో అన్నాడు: "పని పోతే పిల్లలకేం పెడతాం?"

"రేపు ఆ గదిలోకి నిన్ను తోస్తే వాళ్లకెవడు పెడతాడురా?" అంది స్తమేన.

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడి కాగితానికి జిగురైనా ఆరలేదు, అప్పుడే వెనకడుగు!

"రాగి బొగ్గు పొయ్యందే లోపలికి పోవద్దు," అన్నాను. "పోవద్దు!" అంది స్తమేన. ఒక్కొక్క గొంతే కలిసింది.

మర్నాడు షిఫ్టంతా గేటు బయటే నిలబడ్డాం. డైరెక్టర్ దుబాసీని వెంటబెట్టుకుని వచ్చాడు. దుబాసీ మా ఊరి పిల్లే.

"రాగి సంగతి వచ్చే ఏడాది చూద్దాం. ఇప్పుడు పనిలోకి వస్తారా?" అని అడిగించాడు.

స్తమేన గడ్డం పైకెత్తింది. తర్వాత నేను, నా పక్కవాడు, వాడి పక్కవాడు. చివరికి గెంచెవ్ కూడా ఎత్తాడు.

డైరెక్టర్ నవ్వి గేటు బార్లా తీయించాడు. ఒక్క కాలూ కదల్లేదు. గొట్టం మీద నక్కతోక సన్నబడుతోంది. అతని నవ్వు పోయింది.

"వీళ్లేమంటున్నారు?" అని దుబాసీ మీద అరిచాడు.

ఆ పిల్ల మా వైపు చూసింది. అతని వైపు తిరిగి, నెమ్మదిగా గడ్డం పైకెత్తింది.