బొటనవేలి దారిన పోయిన నొప్పి

దర్జీకి నడుంనొప్పి పూర్తిగా పోయిందని రేడియో పిన్ని కిరాణాకొట్టు అతనితో చెప్పిందట. ఆపరేషనూ లేదు, మాత్రా లేదు, ఉప్పు కాపడంతోనూ నేలపడకతోనూ దర్జీ ఇల్లాలే మనిషిని నిలబెట్టేసిందని చెప్పిందట. కొట్టు అతను ఆ మాట మంగలి చెవిన వేశాడు. మంగలి దాన్ని భద్రంగా దాచుకుని, గడ్డానికి నురగ పూస్తూ, సాక్షాత్తూ ఆ దర్జీకే చెప్పాడు.

"నయమైపోయిందటగా అన్నా. మాకో మాటైనా చెప్పలేదు."

"నాకూ ఇప్పుడే తెలిసింది," అన్నాడు దర్జీ.

మంగలి నవ్వాడు. దర్జీ కూడా నవ్వేవాడేగానీ బుగ్గ మీద కత్తి ఉంది.

రేడియో పిన్ని ఎవరికీ పిన్ని కాదు. దర్జీ వాళ్ళ కింది వాటాలో ఉంటుంది. పొద్దున్నే మొదలుపెడితే పడుకునేదాకా వార్తలు ఆపదు కాబట్టి ఆ పేరొచ్చింది. అయితే ఆవిడ చెప్పింది అబద్ధమని కొట్టిపారెయ్యడానికీ లేదు. నొప్పి పోయిన మాట నిజమే.

మీసాలు రాకముందు నుంచీ మిషను మీద వంగి కూర్చున్న మనిషి. కిందటి వానాకాలంలో ఒకరోజు స్టూలు మీంచి లేవబోతే నడుం లేవలేదు. వంగినవాణ్ణి వంగినట్టే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు ఎక్స్‌రే ఫొటోని దీపానికి అడ్డంపెట్టి చూసి, ఇప్పుడే కోతల దాకా పోనక్కర్లేదన్నాడు. గంటలకొద్దీ కూర్చోవద్దు, నడవండి, వీపు కండలు గట్టిపడేలా చూసుకోండి, బరువెత్తేటప్పుడు నడుం కాదు మోకాళ్ళు వంచండి అన్నాడు. చేతులు కడుక్కుంటూ ఇంకో మాట కూడా అన్నాడు. "నొప్పి కాల్లోకి దిగినా, కాలు మొద్దుబారినా ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యండి."

అప్పుడు భార్య మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉంది. ఆ చివరి మాట దర్జీ ఒక్కడి చెవినే పడింది.

మిగతావన్నీ ఆవిడ పట్టింది. పట్టిందంటే మామూలు పట్టు కాదు. అన్నేళ్ళుగా దర్జీ కొట్లో తెర వెనక కూర్చుని కాజాలు కుట్టిన మనిషి ఆవిడ. వచ్చేవాళ్ళకి ఆవిడంటే తెర పక్కనుంచి చొక్కా అందించే చెయ్యి, అంతే. ఆ చెయ్యి ఇప్పుడు నడుం మీదకొచ్చింది. మెత్తటి పరుపు తీసి అటకెక్కించి నేలమీద గట్టి బొంత పరిచింది. మోకాళ్ళ కింద దిండు పెట్టింది. ఒక కాలరు కుట్టగానే "లేవండి" అనేది. లేచి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వెనక్కి వంగాల్సిందే. గుడ్డల మూట ఎత్తాలంటే గొంతుక్కూర్చుని ఎత్తాల్సిందే. తెల్లారకుండానే నడకకి తోలేది. పోలీసుకైనా టోపీ పెట్టొచ్చుగానీ ఆవిడకి పెట్టలేమని దర్జీ అనుకునేవాడు.

గుణం కనపడింది. చలికాలం వచ్చేసరికి దర్జీ నిటారుగా నడుస్తున్నాడు. ఈ మనిషి ఇంత పొడుగా అని వీధి వీధంతా చూసింది. చూసినవాళ్ళు ఊరుకోరుగా, ఒక్కొక్కరే తెర పక్కకొచ్చి అడగడం మొదలెట్టారు. కొట్లో చోటు చాలక, సాయంత్రాలు మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన చాపలు పడ్డాయి. ఆవిడ పేరు డాక్టరమ్మ అయింది.

ఆ రోజుల్లోనే నొప్పి తుంటిలోంచి పిక్కలోకి జారింది. దర్జీ చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది. "దారి చూసుకుంటోంది. తొట్టి అడుగున బిరడా తీస్తే నీళ్ళు పోవూ? అలాగే. బొటనవేలి దారిన బయటికి పోతుంది చూడండి," అంది. పిక్కలోంచి చీలమండకి జారింది. తర్వాత నిజంగానే పోయింది. వీపులో లేదు, తుంటిలో లేదు, ఎక్కడా లేదు.

దాంతోపాటు కుడి పాదం కూడా పోయింది. చూస్తే ఉంది, నడిస్తే వస్తోంది, కానీ తనది కాదన్నట్టుంది. ఒకరోజు బజార్లో వెనకనుంచి ఎవరో పిలిచి "ఏవండీ, చెప్పు వదిలేశారు" అంటే తిరిగి చూశాడు. చెప్పు ఎక్కడో వెనక పడి ఉంది. వేడెక్కిన రోడ్డు మీద అంతదూరం ఉత్తికాలితో నడిచొచ్చాడు, చీమ కుట్టినట్టైనా లేదు. మిషను పెడలు ఎంత నొక్కుతున్నాడో పాదం చెప్పడం మానేసింది. మోటారు చప్పుడు చెవితో విని కుడుతున్నాడు.

డాక్టరు మాట గుర్తు లేక కాదు. గుర్తొస్తూనే ఉంది. పక్కింటివాళ్ళ గొడవ గోడ అవతలనుంచి వినపడ్డట్టు వినపడుతోంది. రేపు చెబుదామనుకునేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆవిడ అద్దం ముందు జడ వేసుకుంటూ ఏదో కూనిరాగం తీసేది. పెళ్ళయిన కొత్తలో కూడా ఆవిడ పాడగా విన్న గుర్తు లేదు. ఆ రాగానికి అడ్డం పడే మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. భయం వెయ్యాలి కదా అనుకునేవాడు. అదీ వేసేది కాదు. చాప తీసుకుని ఆవిడ వెనకాల మెట్లెక్కేవాడు.

మేడమీద అతని పని కూర్చోవడమే. ఆవిడ చెబుతుంటే అతన్ని చూపిస్తుంది.

ఆ సాయంత్రం రేడియో పిన్ని వెల్లకిలా పడుకుని మోకాళ్ళు పొట్టకి లాక్కుంటూ, "వదినా, నా ఒళ్ళు పాత తలుపులా కిర్రుమంటోందేంటి?" అంది.

"వాడని తలుపు మరి. రోజూ తెరిచి ముయ్యి, అదే ఊరుకుంటుంది."

"నోరు రోజూ తెరుస్తూనే ఉన్నాగా."

"అందుకే అది బాగుంది," అంది డాక్టరమ్మ. చాపలన్నీ నవ్వాయి.

అప్పుడు లారీ డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. వీధి చివరింటివాడు, నాలుగు వారాలుగా వస్తున్నాడు. భారీ మనిషి, మొహం నిండా సంతోషం.

"డాక్టరమ్మా, నువ్వు చెప్పినట్టే అయింది. పిక్కలోకి దిగింది, పాదంలోకి దిగింది, మొన్నట్నుంచి అసలు నొప్పే లేదు. కాలు కాస్త బరువుగా, గుడ్డ చుట్టినట్టుంది, అంతే."

"బయటికి పోతోందన్నమాట," అంది ఆవిడ.

"అన్నకీ ఇంతేనా?"

"ఆయనకీ ఇంతే. ఇప్పుడెలా ఉన్నారో చూడు."

డ్రైవరు దర్జీని చూశాడు. అందరూ చూశారు. దర్జీ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు.

"అయితే ఎల్లుండి ఆస్పత్రికి రమ్మన్నారు, మానేస్తా. తెల్లారగానే లోడు ఎక్కుతున్నా, ఘాటు రోడ్డు మీద. ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కిపోతోంది."

దర్జీ డ్రైవరు కాళ్ళకేసి చూశాడు. కుడికాలి చెప్పు వేళ్ళ మీద వేలాడుతోంది, మడమ దగ్గర ఎప్పుడో జారిపోయింది. ఆ సంగతి డ్రైవరుకి తెలియలేదు.

"బ్రేకు ఏ కాలితో తొక్కుతావు?" అని అడిగాడు దర్జీ.

మేడమీద అతను మాట్లాడటం అదే మొదటిసారి.

"కుడికాలితోనే. ఇంకేం కాలుంటుంది?"

దర్జీ చొక్కా అంచుకి గుచ్చుకున్న గుండుసూది తీశాడు. కుడి పాదం ముందుకు చాపి, బొటనవేలి పక్కన, గుండీ కుట్టేటప్పుడు గుడ్డలోకి దించినట్టు నిదానంగా దించాడు. సూది తల దాకా దిగింది. పిన్ని చటుక్కున లేచి కూర్చుంది. దర్జీ మొహంలో ఏ మార్పూ లేదు. సూది లాగేస్తే చిన్న నెత్తుటి బొట్టు వచ్చి నిలబడింది.

"నా నొప్పి పోయింది ఇలా," అన్నాడు. "నొప్పి దిగడం మంచిది కాదని, కాలు మొద్దుబారితే వెంటనే రమ్మని డాక్టరు ముందే చెప్పాడు. నేనే పోలేదు. నువ్వు మాత్రం లోడు ఎక్కకు. రేపే ఆస్పత్రికి పో."

డ్రైవరు తన పాదాన్ని పరాయి వస్తువులా చూసుకున్నాడు. వంగి బొటనవేలు గిల్లుకున్నాడు. ఇంకా గట్టిగా గిల్లుకున్నాడు. తర్వాత చాప మీద కూలబడ్డాడు.

పక్కనున్న ఒకావిడ చాప చుట్టడం మొదలుపెట్టింది. ఇంకొకరు కూడా. డాక్టరమ్మ ట్యాంకుకి ఆనుకుని నిలబడింది. నెత్తుటి బొట్టుని చూస్తోంది. తుడవడానికి కొంగు సగం ఎత్తింది, మళ్ళీ వదిలేసింది.

"ఇంట్లో చెప్పుకోవచ్చుగా," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఇంతమందిలో నా పరువు తియ్యాలా?"

"ఇంట్లో నన్నెవరూ అడగలేదు," అన్నాడు దర్జీ.