పొరల గోడ

గోడ మీద రంగు తడి ఆరకముందే రేకుతో పొర తియ్యాలె, ఆరినంక తీస్తే పెచ్చులూడుతది అనుకుంటనే మల్లేశ్వర్ రేకును ఏటవాలుగ పట్టి గుంజిండు, నీలం కింది నుంచి పసుపు సన్నగ తేలింది, అచ్చం నాపబండల గనిల బండ కోసినట్టే, పద్దెనిమిదేండ్ల నుంచి వికారాబాద్ల, తాండూర్ల ఎన్ని ఇండ్లకు డిజైన్లు ఏసిండో, ఏ గోడ గింత మంచిగ కుదరలే, ఇగ ఈ మూల ఒక్కటే మిగిలింది, గంతల్నే ఎనుక నుంచి మళ్ల ఆ సప్పుడు, గొంతుల నీళ్లు సుడి తిరిగినట్టు, ఈ ఇంటి ముసలామె మొగులమ్మ, పక్షవాతమొచ్చి తొమ్మిది నెలలాయెనట, కాలు లేదు, చెయ్యి లేదు, మాట లేదు, హాల్ల మంచం మీద గోడ దిక్కే మొఖం, రెప్పలు తప్ప ఏం కదలయి, నిన్న ఉత్త పసుపు పూసినప్పుడు ఊకున్నది, పొరలు తేలినకాన్నుంచే గీ సప్పుడు, రంగు వాసన పడ్తలేదేమో అని కిటికీ తెరిచిండు, ఫ్యాను పెట్టిండు, ఆగలే.

కోడలు పద్మారాణి చాయ్ తెచ్చింది, అక్కా, పెద్దమ్మకు ఏమన్న అయితున్నదా అంటే, ఏం లేదన్నా, ఆమెకు ఏం తెల్వదని డాక్టరే చెప్పిండు, అనుకుంట గోడ దిక్కు చూసి, అబ్బ, మా మామ పనిచేసిన గని లెక్కనే ఉన్నది, అని నవ్వబోయి ఆగింది, ఆయన అండ్లనే పొయిండన్నా, పొర ఇరిగి మీద పడ్డది, బండలు తీసేదాక అత్తమ్మ గా గని గోడ ముంగటనే కూసున్నదట, పొద్దంత, అన్నది, లోపలికి పోయింది, మల్లేశ్వర్ చాయ్ చేతిలనే సల్లారింది.

కొడుకు చంద్రకాంత్ కుర్చీలు దించుతున్నడు, రేపు బిడ్డ రుచితకు వరపూజ, లగ్గం ఖాయం చేసుకునుడు, సార్, రంగు మారుస్త, ఇంకో డిజైను ఏస్త, ఇయ్యాల్నే అయిపోతది, అని మల్లేశ్వర్ అంటే ఆయన ఇచిత్రంగ చూసిండు, నాయిన యాదికనే గా డిజైను ఏరుకున్ననన్నా, ఆయన పేరు చెప్పుకోవాలె గద రేపు, అన్నడు, గొంతు జర మెత్తబడ్డది, పోని మంచమన్న అటు తిప్పుదమని మల్లేశ్వర్ అంటే, గాలి పరుపు వైరు ప్లగ్గుకు అందదు, చుట్టాలకు జాగ సాలదు, అవ్వకు ఏ దిక్కైతే ఏందన్నా, అన్నడు.

ఏ దిక్కైతే ఏంది, నిజమేనా, మల్లేశ్వర్ మంచం పక్కన గొంతుకూసున్నడు, చేతులకు రంగు, ఆమె దుప్పటికి అంటుతదేమో అని ఎనుకకు పెట్టుకున్నడు, పెద్దమ్మా, గీ గోడ నీకు వద్దా, వద్దంటే ఒక్కసారి కండ్లు మూసి తెరువు, అన్నడు మెల్లగ, సప్పుడు ఆగింది, రెప్పలు వాలినయి, గట్టిగ, ముడతలు పడేటట్టు, శానా సేపు తెరవలే, తెరిచినంక గోడ దిక్కు చూడలే, ఆయన దిక్కే చూసింది.

ఉరికిండు, సార్, పెద్దమ్మకు తెలుస్తున్నది, అడిగితే చెప్పింది, అంటే చంద్రకాంత్ ఆయన భుజం మీద చెయ్యేసిండు, రెప్పలు ఊకెనే కొడ్తదన్నా, మేం రోజు చూస్తలేమా, మొదట్ల మేం గూడ గట్లనే ఆశపడ్డం, నువ్వు పరేషాన్ గాకు, గా మూల పూర్తి చెయ్యి, టెంటోళ్లు వస్తున్నరు.

మూల పూర్తి చేస్తున్నడు, తాను చెయ్యకుంటే ఇంకొకడు వచ్చి చేస్తడు, పసుపు తేలింది, ఎనుక సప్పుడు లేదు, అదే భయమైతున్నది, సప్పుడన్న చేస్తే బాగుండు, అడగకుంటె ఎంత బాగుండె, అడగకముందు పెద్దమ్మ తన బాధ ఎవ్వరికి తెల్వదనుకునేది, గిప్పుడు తెలిసినోడు ఒకడున్నడని ఆమెకు ఎరుకైంది, గా తెలిసినోడే తన కండ్ల ముంగట గోడ పూర్తి చేస్తున్నడని గూడ.