దూది కుక్కిన కారు

చిలకలూరిపేట హైవే పక్కన సుభానీ మెకానిక్ షెడ్డులో ఆ మధ్యాహ్నం పనివాడు తోమా ఒక్కడే ఉన్నాడు. సుభానీ స్పేరుపార్టుల కోసం గుంటూరు వెళ్ళాడు. అప్పుడు వచ్చింది రాధాకృష్ణమూర్తి గారి తెల్లకారు. అది ఆగీ ఆగకముందే దాని జబ్బేమిటో తోమా చెవికి తెలిసిపోయింది. దిగినవాణ్ణి చూడగానే ఒళ్ళంతా భగ్గుమంది.

భగ్గుమనదా మరి! నాలుగేళ్ళ కిందట తోమా ఈ జిన్నింగు మిల్లు యజమాని దగ్గర డ్రైవరు. అప్పటి కారుకీ ఇలాగే స్టీరింగు వణికేది, అడుగున టకటకమనేది. రిపేరు చేయించండి బాబూ అని తోమా మొత్తుకున్నాడు. మూర్తి గారు మిల్లులోంచి దూది తెప్పించి డాష్‌బోర్డు కింద, తలుపుల సందుల్లో, సీట్ల అడుగున కుక్కించాడు. పుట్టినప్పటినుంచీ పత్తిలో పొర్లిన ఆ మహానుభావుడి వైద్యం అది. చప్పుడు వినపడకపోతే జబ్బు లేనట్టే. "ఏం కాదు, తోలరా" అన్నాడు. వారం తిరక్కుండా కారు వెళ్ళి కల్వర్టును గుద్దింది. తోమా మోకాలు చితికింది. వెనక సీట్లో ఉన్న మూర్తి గారి చొక్కా కూడా నలగలేదు. పోలీసులు వస్తే, డ్రైవరు తాగి ఉన్నాడని చెప్పాడు.

తోమా పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టినవాడు కాడు. లైసెన్సు పోయింది, పోతే పోయింది. పల్లెలో ఏసు గుడి పెద్దలు కూడా ఆ మాటే నమ్మి అతన్ని ప్రభువు బల్లకు రావద్దన్నారు. ఆ బల్ల సంస్కారం ఇచ్చే ఆదివారాల్లో భార్య ప్రేమమ్మ రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి ఒక్కతే ముందుకు వెళ్ళేది. తోమా చివరి వరుసలో తల వంచుకుని కూర్చునేవాడు. ఆ తాగుబోతు పేరును, పెట్టినవాడి నోటితోనే చెరిపించాలి. తోమాకి ఇంక వేరే కోరికేదీ లేదు.

"ఏరా తోమా, బాగున్నావా?" అన్నాడు మూర్తి గారు, నిన్నగాక మొన్న కలిసి కాఫీ తాగినట్టు. "రేపు కొత్త వియ్యంకుడు గారిని కోటప్పకొండ తీసుకెళ్ళాలిరా. బండేమో ఒకటే చప్పుడు. డ్రైవరు వెధవ భయపడి నిన్న మానేశాడు. కాస్త చూడు."

తోమా వంగి డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాడు. దోసెడు దూది ఊడి వచ్చింది. ఇంకో దోసెడు. తలుపు సందులోంచి మరికొంత. నాలుగేళ్ళయినా బుద్ధి మారలేదన్నమాట. పళ్ళు పటపటమన్నాయి గాని, పైకి నెమ్మదిగానే అన్నాడు.

"చప్పుడు ఎక్కణ్ణుంచో తేలాలంటే ఒకరు తోలాలి, ఒకరు వినాలండి. నాకు లైసెన్సు లేదుగా. మీరే తోలండి."

తోలి వినాలన్నది పచ్చి అబద్ధం. చక్రాల మధ్య రాడ్డు చివర బాల్ జాయింటు అరిగి లూజైందని అతనికి ఎప్పుడో తెలుసు. అది ఇవాళే ఊడిపోదనీ, వేగం పెరిగితే స్టీరింగును వణికించి చంపుతుందనీ కూడా తెలుసు. వెళ్ళి వెనక సీట్లో కుంటికాలు బారజాపి కూర్చున్నాడు. టీకొట్టు దగ్గర జనం నోళ్ళు తెరుచుకుని చూశారు.

కారు మార్టూరు వైపు సాగింది. ముప్ఫై దాటగానే అడుగున టకటక మొదలైంది. యాభైకి స్టీరింగు గజగజలాడింది.

"తోమా, వణికిపోతోందిరా!"

"ఏం కాదు, తోలండి."

"ఆపేస్తానురా!"

"ఆపితే నాకేం వినపడుద్దండీ? ఇంకాస్త తొక్కండి."

మూర్తి గారి మెడ మీద చెమట ధారలు కట్టింది. తోమాకి అది ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఇంతలో వెనకనుంచి లారీ హారను కొట్టింది. మూర్తి గారు హడలిపోయి స్టీరింగు ఒక్క తిప్పు తిప్పాడు. కారు రోడ్డు దిగి, ఎండబోసిన మిరపకాయల కళ్ళంలోకి దూసుకెళ్ళి ఆగిపోయింది. తాలుకాయలు ఏరుతున్న ఆడకూలీలు కేకలు వేస్తూ చెదిరిపోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఘాటు మాత్రం లేచింది. అందరూ తుమ్ములు, దగ్గులు, తిట్లు.

ఆ కూలీలు తోమా పల్లెవాళ్ళే. గుడి పెద్ద భార్య సంతోషకుమారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కారు మీదికి వచ్చింది.

"తాగి తోలుతున్నావా ఏందయ్యా? మనుషులు కనపళ్ళా?"

"తాగలేదమ్మా! ఒట్టు! స్టీరింగే లాగేసింది. నా తప్పేం లేదు. ఒరేయ్ తోమా, చెప్పరా వీళ్ళకి!"

కళ్ళం రైతు దుడ్డుకర్ర పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. అందరూ తోమా వైపు చూశారు. తోమా సీట్లోంచి కదల్లేదు.

"ముందు నా సంగతి మీరు చెప్పండి. తర్వాత మీ సంగతి నేను చెబుతా."

మూర్తి గారు కర్రను చూశాడు, తోమాను చూశాడు.

"ఆ రోజు తోమా తాగలేదు. బండే బాగాలేదు. రిపేరు చేయించమంటే నేనే వినలేదు. పోలీసులతో అబద్ధం చెప్పాను."

సంతోషకుమారి కొంగు జారిపోయింది. ఆమె తోమా ముఖం వైపు చూడలేకపోయింది.

"ఈయన తాగలేదమ్మా" అన్నాడు తోమా, దిగుతూ. రైతు కర్ర దించాడు.

ఆ మాట విన్నాక కడుపులో మంట చల్లారుతుందని నాలుగేళ్ళుగా అనుకున్నాడు. ఏం చల్లారలేదు. డిక్కీలోంచి స్పానరు, సుత్తి తీసుకుని కారు కిందికి దూరాడు. కాసేపు బాది, ఆ రాడ్డు ఊడదీసి, తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"ఇది ఆదివారం మా గుడిలో ఉంటది. మీరొచ్చి, ఇందాకటి మాటే పెద్దలందరి ముందూ చెప్పి పట్టుకెళ్ళండి."

"ఆదివారమా!" మూర్తి గారు ఏడుపు ముఖం పెట్టాడు. "రేపు వియ్యంకుడు గారికి ఏం చెప్పనురా? కారు ఇలా ఎందుకైందంటే ఏమనను?"

తోమా కుంటుకుంటూ రోడ్డెక్కి, వెనక్కి తిరిగాడు.

"డ్రైవరు తాగి ఉన్నాడని చెప్పండి."